గుల్మార్గ్‌లో స్నో బండ్లు, ఆటోనగర్ ప్రశ్నలు

ఫిబ్రవరిలో గుల్మార్గ్ వెళ్దామని మా ఇంట్లో అందరూ తేల్చేశారు. టికెట్లు, హోటల్ బావ చూసుకున్నాడు. మంచు మీద నడిపే స్నోమొబైళ్లు అద్దెకు మాట్లాడే పని నా మీద పడింది. మాలో ఎవరూ మంచు ముట్టుకున్నవాళ్లం కూడా కాదు. జనవరిలో కూడా ఫ్యాను వేసుకునే బెజవాడ మాది. ఇలాంటి వాళ్లం ఎక్కితే దారి మధ్యలో ఆగిపోని, చెప్పిన మాట వినే బండ్లు కావాలి. అదీ ఇక్కడ కూర్చుని ఫోన్‌లోనే ఖాయం చేసుకోవాలి.

అక్కడ వాటిని స్నో బైకులనీ, స్నో స్కూటర్లనీ కూడా అంటారు. దొరికిన ప్రతి నంబరుకీ ఫోన్ చేస్తే అందరిదీ ఒకటే పాట, "కొత్త బండి సార్, బెస్ట్ కండిషన్." ఏ కంపెనీ అంటే పోలారిస్ అనో స్కీ-డూ అనో చెప్తారు. రెండూ పేరున్నవే, కానీ అద్దెకు తిరిగే బండికి పేరుతో ఏం పని? ఎలా చూసుకుంటున్నారన్నదే కదా కావాల్సింది.

ఆటోనగర్‌లో మా బాబాయి మెకానిక్. స్నోమొబైల్ ఆయనా చూడలేదు. ఫొటోలు, లోపలి భాగాల బొమ్మలు చూపిస్తే కాసేపు తిప్పి తిప్పి చూసి, "ఒరేయ్, ఇది మన యాక్టివా లాంటిదేరా. గేర్లు లేవు, లోపల వేగాన్ని బట్టి దానంతటదే సర్దుకునే వేరియేటరూ బెల్టూనే. బెల్టు ఎప్పుడు మార్చారో అడుగు. స్పేర్ బెల్టు బండిలోనే ఉంచుతారా అని కూడా అడుగు" అన్నాడు. తర్వాత చదివి చూస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఇంజన్ నుంచి కింద చక్రాల బదులు తిరిగే వెడల్పాటి పట్టీకి, అంటే ట్రాక్‌కి, శక్తి వెళ్లేది ఈ రబ్బరు బెల్టు మీదుగానే. అది తెగితే బండి ఉన్నచోటే ఆగిపోతుంది. రెండొందల కిలోలకు అటూ ఇటూ ఉండే బండిని మోకాలి లోతు మంచులో ఎవరు తోస్తారు?

ఆ రెండు ప్రశ్నలకి నేనొకటి కలిపాను. రాత్రంతా బయట ఉన్న బండిని పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు వీడియో తీసి పంపమన్నాను. కొందరు అంతటితో ఫోన్ ఎత్తడం మానేశారు. ఒకతను మాత్రం "ఇన్ని ఎవరూ అడగరు సార్" అని నవ్వి, మర్నాడు పంపాడు. బానెట్ ఎత్తి బెల్టు చూపించాడు. హ్యాండిల్‌కి కుడివైపున్న యాక్సిలరేటర్ మీటని బొటనవేలితో నొక్కి వదిలాడు, అది ఠక్కున వెనక్కి వచ్చింది. చివర్లో ఒక ఎర్ర తాడు పట్టుకుని లాగాడు, ఇంజన్ ఆగిపోయింది. ఆ తాడు రెండో కొస నడిపేవాళ్ల కోటుకి తగిలించుకోవాలి. మనిషి పడిపోతే తాడు ఊడి, బండి దానంతటదే ఆగుతుంది. కొత్తవాళ్లకి హెల్మెట్ తర్వాత ముఖ్యమైనది ఇదే అనిపించి అతనితోనే ఖాయం చేసుకున్నాను.

డబ్బు విషయంలో ఒక టెన్షన్ ఉండేది. 2024 జనవరిలో గుల్మార్గ్‌లో మంచే లేదు, టీవీల్లో మొత్తం ఎండుగడ్డి చూపించారు. 2025లో మంచు చాలక అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌నే ఫిబ్రవరి నుంచి మార్చికి జరిపారు. అందుకే మంచు లేకపోతే అడ్వాన్సు వెనక్కి ఇస్తానని వాట్సాప్‌లో రాయించుకున్నాను. పల్చటి మంచులో నడపకూడదని అతనే చెప్పాడు. నీళ్లతో చల్లబడే ఇంజన్లకి ట్రాక్ వెనక నుంచి ఎగజిమ్మే మంచే చల్లదనమట, అది తగలకపోతే వేడెక్కిపోతాయట. ఇది బాబాయికి చెప్తే చాలా ముచ్చటపడ్డాడు.

ఇంకొకటి, బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు కశ్మీర్‌లో పనిచేయవు. మా ఆవిడ ఆఫీసు నంబరు పోస్ట్‌పెయిడ్ కాబట్టి అదే అతనికి ఇచ్చాం. హిందీ మాట్లాడాల్సింది కూడా ఎలాగూ ఆవిడే.

వెళ్లిన రోజు గుల్మార్గ్ కొండ కింద ఉండే తంగ్‌మార్గ్‌లో మా కారు వదిలేసి, చక్రాలకి గొలుసులు కట్టిన లోకల్ బండి ఎక్కాం. బూట్లు, కోట్లు అక్కడే అద్దెకు తీసుకున్నాం. పైకి వెళ్లాక ప్రతి బండి మీటా నేనే నొక్కి చూశాను. ఒకదానిది నెమ్మదిగా, ఇష్టం లేనట్టు వెనక్కి వస్తోంది. మార్చమంటే బండ్లు చూసుకునే కుర్రాడు కొంచెం గొణిగాడు కానీ మార్చాడు.

అసలు తమాషా నేర్చుకునేటప్పుడు. బుల్లెట్ మీద ఊళ్లు తిరిగే బావ కుడి పిడిని మెలితిప్పుతూ కూర్చున్నాడు, బండి కదలదు. బొటనవేలితో నొక్కమంటే ఒక్కసారిగా నొక్కేశాడు. భయమేసి కుడికాలితో బ్రేకు వెతికాడు. కొంచెం ఒరగగానే అలవాటు కొద్దీ కాలు కింద పెట్టబోయాడు. కుర్రాడు గట్టిగా అరిచాడు. నడుస్తుండగా కాలు దింపితే బండి కింద ఇరుక్కుంటుంది, పాదాలు ఎప్పుడూ పక్క పలకల మీదే ఉండాలి. బ్రేకేమో ఎడమచేతి మీట. బావకి అది క్లచ్ ఉండే చోటు! రోజూ యాక్టివా మీద వన్‌టౌన్ తిరిగే అక్కకి మాత్రం ఎడమచేతి బ్రేకు ముందే అలవాటు. చదునైన చోట నాలుగు చుట్లు కొట్టేసరికి వెనకాల కూర్చున్న కుర్రాడు చేతులు కట్టుకున్నాడు. బావ దాని గురించి ఇప్పటికీ మాట్లాడడు.

మిగతా డబ్బు ఫోన్‌లో పంపుదామంటే సిగ్నల్ నిలవలేదు, నగదు ఉంది కాబట్టి సరిపోయింది. గొడవ పడింది బూట్ల దగ్గర. తీసుకునేటప్పుడు చెప్పిన రేటు వేరు, తిరిగిచ్చేటప్పుడు అడిగింది వేరు. బండ్లతో పాటు బూట్లు, కోట్లు, గ్లోవ్స్ కూడా కలిపి మాట్లాడేవాళ్లు ఉన్నారని అప్పుడు తెలిసింది. మీరు వెళ్తే అది కూడా ముందే వాట్సాప్‌లో రాయించుకోండి.