అమ్మ ఊరు తేలిన వేసవి

గత వేసవిలో మేము పెట్టుకున్న మొదటి ప్రయాణం సంగమేశ్వరానికి. కర్నూలు నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా పొద్దున్నే బయలుదేరితే సాయంత్రానికి ఇల్లు చేరుకోగలిగిన ఆ చోటికి ఇన్నేళ్లుగా వెళ్లకపోవడానికి దూరం కారణం కాదు. ఆ గుడి ఏడాదిలో ఎక్కువ నెలలు శ్రీశైలం జలాశయం అడుగున ఉంటుంది. అది బయటపడే రోజులేమో పిల్లల పరీక్షల రోజులవుతాయి. ఈసారి పరీక్షలు ముగిసిన మర్నాడే అమ్మ తనంతట తానే అడిగింది. "నీళ్లు బాగా వెనక్కు పోయినాయంట. సంగమేశ్వరం చూసుకొని, అట్లే మా ఊరి దిక్కు పోయొద్దాం" అంది. అమ్మ పుట్టిన ఊరు 1981లో ఆ జలాశయంలో మునిగిపోయింది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. ఆ తరువాత నలభై ఏళ్లకు పైగా మాటల మధ్య ఊరి పేరు ఎత్తేదే తప్ప, అక్కడికి తీసుకుపొమ్మని అడగడం నేను ఎన్నడూ ఎరుగను.

కారు ఆపిన గట్టు మీది నుంచి చూస్తే, నీరు ఎండాకాలంలో మెట్టుమెట్టుగా దిగిపోయిన గుర్తులు వాలు పొడుగునా చారలు చారలుగా కనిపించాయి. ఆ చారల అడుగున, ఎండి పగిలిన ఒండ్రు మట్టి మధ్యలో సంగమేశ్వరుని గుడి ఉంది. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి అనే ఏడు నదులు కలిసే చోటు కనుక దీన్ని సప్తనదీ సంగమం అంటారు. వాటిలో భవనాశి ఒక్కటే పురుష నది అని పెద్దలు చెబుతారు. ఏటా నీరు తగ్గేటప్పుడు మొదట శిఖరం, తరువాత గోడలు, చివరికి గర్భగుడి బయటపడతాయి. లోపలి లింగం రాతిది కాదు, వేప దారువు. నీట మునిగిన చెక్కకు గాలి తగలదు కనుక అది త్వరగా కుళ్లదని మా పెద్దమ్మాయి ఎక్కడో చదివి చెప్పింది. ఏటా నానుతూ, ఏటా ఎండుతూ ఉండే చెక్క ఇన్నాళ్లు నిలవడం మాత్రం ఆ ఒక్క మాటతో తేలిపోయే సంగతిగా నాకు తోచలేదు. గోడల సందుల్లో ఇంకా ఆరని బురద వాసన, గర్భగుడిలో కర్పూరం వాసన కలిసిపోయి ఉన్నాయి. నాలుగో తరగతి చదివే మా అబ్బాయి ఒక స్తంభం మీద ఎండిపోయి అతుక్కున్న చిన్న నత్తగుల్లను చూపించి, దేవుడికి చేపలు కూడా తోడుంటాయా అని అడిగాడు.

అక్కడి నుంచి అమ్మ ఊరికి తారు రోడ్డు లేదు. నీరు వెనక్కు పోయిన ఒండ్రు మీద పైరు పెట్టుకునే రైతుల బండ్ల జాడ పట్టుకొని మావారు చాలా నెమ్మదిగా కారు నడిపారు. కొంత దూరం పోయాక అదీ సాగక దిగి నడిచాము. నీటి అంచున పుట్టి బోర్లించి వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయనను అమ్మ ఊరి పేరు చెప్పి అడిగితే, ఆయన తలెత్తి, "ఎవరింటి పిల్లవమ్మా నువ్వు?" అన్నాడు. దాదాపు అరవై ఏళ్ల మనిషిని పిల్ల అని పిలిచిన ఆ ప్రశ్నకు అమ్మ తన తాత పేరు చెప్పింది. ఆయన లేచి వచ్చి దారి చూపించాడు.

ఊరంటే మేము ఊహించుకున్నది వేరు, అక్కడ ఉన్నది వేరు. మోకాలి ఎత్తు దాటని పునాది రాళ్ల వరుసలు, పూడిపోయిన బావి ఒరలు, మట్టిలో సగం కూరుకుపోయిన ఒక రోలు, ఆంజనేయస్వామి గుడి అరుగు, ఇవే మిగిలాయి. ఇళ్ల తలుపులు, దూలాలు, కిటికీలు ఊరు వదిలేనాడే ఎవరివి వారు పీక్కొని బండ్లకెత్తుకున్నారట. అమ్మ మొదట ఏమీ గుర్తుపట్టలేకపోయింది. చాలాసేపు అటూ ఇటూ చూసి, చివరికి గుడి అరుగు మీద తూర్పు ముఖంగా నిలబడి, చిన్నపిల్లలు ఆటలో అంగలు లెక్కపెట్టినట్టు బజారు వెంట అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. ఒకచోట ఆగి, "ఇది మా పంచ. ఇక్కడ గాటిపాట. ఈడ మా నాయన మంచం" అంది. మేము ఆమె చుట్టూ నిలబడ్డాము. కూర్చోమ్మా అంటే కూర్చోలేదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆ నాలుగు రాళ్ల మధ్యే నిలబడి, ఏ గోడకు ఏముండేదో మా పిల్లలకు చెబుతూనే ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు కింద వందకు పైగా ఊళ్లు మునిగాయని నాకు తెలుసు. ఆ లెక్కలో ఒకటి ఎంత ఉంటుందో ఆ మధ్యాహ్నం అక్కడ నిలబడి చూశాను.

మే నెలలో బెలూం గుహలకు వెళ్లాము. మెట్లు దిగే ఓపిక లేదని అమ్మ రాలేదు. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహలో ఒకటిన్నర కిలోమీటరు మేర మనుషులు తిరగడానికి వీలుగా బాట వేశారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశారు. ఆ తరువాత దాదాపు నూరేళ్లకు, 1982, 83 సంవత్సరాల్లో జర్మన్ పరిశోధకులు లోపలంతా కొలిచారు. లోపల ఉక్క ఎక్కువ. సున్నపురాయిని నీరు తొలుచుకుంటూ పోయిన నున్నటి గోడలు తడుముతూ పిల్లలు ఆనందించారు కానీ, సంగమేశ్వరం చూసి వచ్చిన నా మనసు అక్కడ నిలవలేదు. ఆ ప్రయాణం గురించి ఇంతకంటే రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

వానలు మొదలయ్యే ముందు, జూన్ చివరి ఆదివారం, అందరం అలంపురం వెళ్లాము. కర్నూలు నుంచి అది చాలా దగ్గర. తుంగభద్ర దాటితే తెలంగాణలో, నది ఎడమ గట్టున ఉంటుంది. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలను నేను బడి రోజుల నుంచి ఎన్నోసార్లు చూశాను. తొమ్మిదింటిలో తారకబ్రహ్మ ఆలయ శిఖరం ఒక్కటే దక్షిణాది పద్ధతిలో ఉంటుందని, మిగిలినవి ఉత్తరాది రేఖా శిఖరాలని, పేర్లన్నీ బ్రహ్మవే అయినా లోపల ఉన్నది శివుడేనని పిల్లలకు చూపించాను. అయితే ఈసారి అమ్మ వాటి దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. ఊళ్లోకి రాగానే కనిపించే కూడవెల్లి సంగమేశ్వరాలయం వైపే నడిచింది.

ఆ గుడి మొదట అక్కడిది కాదు. కృష్ణ, తుంగభద్రలు కలిసే కూడవెల్లి దగ్గర ఉండేది. శ్రీశైలం నీళ్లలో మునిగిపోతుందని తెలిసి, రాయికి రాయి విప్పి తెచ్చి, అలంపురంలో మళ్లీ పేర్చి కట్టారు. పాపనాశి ఆలయాల సముదాయాన్ని కూడా అలాగే కాపాడారు. పదమూడు వందల ఏళ్ల నాటి గోడను విప్పి, ఏ రాయి ఏ రాయి పక్కన ఉండేదో తప్పకుండా తిరిగి పేర్చడం ఎంత ఓర్పుతో కూడిన పనో ఆ గోడల అతుకులు చూస్తే తెలుస్తుంది. అమ్మ గోడ మీద చేయి ఆనించి ప్రదక్షిణ చేసింది. మూడో చుట్టు తిరిగి వచ్చాక, "మంచి పని చేసినారు" అంది. కొంచెం ఆగి, "మా ఆంజనేయుని గూడా ఎవరన్నా అనుకొని ఉంటే తెచ్చిండొచ్చు. ఒక్క బండి పట్టేటోడు" అంది. ఆ మాటలో ఎవరి మీదా నిందలేదు. నాకు మాత్రం ఆనాటి బాధ నాలుగు దశాబ్దాల తరువాత మొదటిసారిగా సూటిగా వినిపించింది. కళాఖండం కనుక ఆ గుడికి లెక్క ఉంది, కాగితం ఉంది, కొలతలు ఉన్నాయి. ఊరి ఆంజనేయునికి మొక్కిన మనుషులు తప్ప వేరే ఆధారం లేదు.

శ్రావణంలో పైనుంచి వరద వచ్చి శ్రీశైలం గేట్లు ఎత్తారని తెలియగానే పిల్లలు పట్టుబట్టారు. దోర్నాల దాటాక నల్లమల ఘాట్‌లో రాత్రివేళ వాహనాలను వదలరు కనుక చీకటితో ఇంట్లోంచి బయలుదేరి తెల్లవారాక అడవిలోకి ప్రవేశించాము. వానకు కడిగిన టేకు, ఏగిస చెట్ల ఆకుల మీద ఎండ పడి కొండలన్నీ లేత పచ్చగా ఉన్నాయి. సుండిపెంట దాటి మలుపు తిరగగానే ముందు వినిపించింది నీటి హోరు. నీరు తరువాత కనిపించింది. ఆనకట్టకు ఉన్న 12 గేట్లలో ఆ రోజు పది తెరిచారు. దూకిన నీరు కింద బండలకు కొట్టుకొని పొగలా లేచి, అంత ఎత్తున రోడ్డు మీద నిలబడిన మా ముఖాలను తడిపింది. జనమంతా అటే చూస్తున్నారు, ఫోటోలు తీసుకుంటున్నారు.

అమ్మ మాత్రం రెండోవైపు, నిశ్చలంగా నిండి ఉన్న జలాశయం వైపు తిరిగి నిలబడింది. మేము ఊరు చూడడానికి పోయిన రోజు నీటిమట్టం 835 అడుగుల దగ్గర ఉందని పత్రికలో చూసి రాసిపెట్టుకున్నాను. ఇప్పుడు అది పూర్తి మట్టమైన 885కు ఒక్క అడుగు తక్కువ. అబ్బాయి వేళ్ల మీద లెక్క వేసి, "అవ్వా, మీ ఇంటి మీద ఇప్పుడు దగ్గర దగ్గర యాభై అడుగుల నీళ్లు ఉన్నాయి" అన్నాడు. నేను వాణ్ణి వారించబోయాను. అమ్మ నన్నే ఆపింది. "ఉండనీలే. ఈ నీళ్లే గదా పోతిరెడ్డిపాడు కాడ కాలువ కెక్కేది. మీ చిన్నమామ పొలం తెలుగుగంగ కిందనే పండుతాంది" అని, కొంగుతో ముఖం మీది తుంపర తుడుచుకొని, నీటికి నమస్కారం చేసింది. తాను పోగొట్టుకున్నదాన్నీ, ఆ నీరు ఇస్తున్నదాన్నీ రెండింటినీ తగ్గించకుండా చెప్పగలగడం నేను ఆమె దగ్గరే చూశాను.

దసరా సెలవుల్లో చేసిన ప్రయాణం అన్నిటికంటే పెద్దది. శ్రీశైలం నుంచి దూకిన నీరు ఎక్కడికి పోతుందో చూడాలన్న పిల్లల కోరిక మీద, మార్కాపురం, మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరి, ఒక రాత్రి అక్కడే ఉండి, మర్నాడు పొద్దుటి లాంచీలో నాగార్జునకొండకు వెళ్లాము. వానలు వెనుకబట్టి ఆకాశం తేటగా ఉంది. నీరు కొండల అంచుల దాకా నిండి, అల అనేదే లేకుండా నీలంగా పరుచుకొని ఉంది. ఆ నీటి కింద ఒక లోయ ఉందని, మూడు, నాలుగు శతాబ్దాల్లో అది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అని, ఇప్పుడు మనం దిగబోయే ద్వీపం ఒకప్పుడు ఆ లోయలో నిలబడిన కొండ అని పిల్లలకు చెప్పాను. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని ముందే తెలుసు కనుక, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ వారు లోయనంతా తవ్వి, దొరికినదాన్ని కొలిచి, గీసి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి, గట్టు మీది అనుపుకు తరలించి తిరిగి కట్టారు.

మ్యూజియంలోని పాలరాయి వంటి లేత సున్నపురాతి శిల్పాలు ఎంత చూసినా తనివి తీరవు. ఇక్ష్వాకు రాజు చాంతమూలుని సోదరి చాంతిసిరి మహాచైత్యమనే బౌద్ధ స్తూపానికి చేసిన దానాలను చెప్పే, ఆ స్తూపం దగ్గర నిలిపిన ఆయక స్తంభాల మీది శాసనాల గురించి పెద్దమ్మాయికి వివరిస్తూ ముందుకు పోయిన నేను, అమ్మ వెంట రావడం లేదని గమనించి వెనక్కు వచ్చాను. ఆమె మునిగిపోయిన లోయ నమూనా ముందు నిలబడి ఉంది. ఏ విహారం ఎక్కడ, ఏ ఘట్టం ఎక్కడ, నది ఎటు పారేది, అన్నీ అందులో కనబడుతున్నాయి. చాలాసేపు చూసి, "పదిహేడు వందల ఏండ్ల కిందటి ఊరు గదా, ఇంత బాగా తెలుస్తాంది. మా ఊరు మునిగి నలభై ఏండ్లే. మీ పిల్లలకు చూపించాలంటే ఏముంది?" అని నన్ను అడిగింది. నా దగ్గర జవాబు లేదు. పెద్దమ్మాయి, "నువ్వు చెప్పవ్వా, నేను గీస్తాను" అంది.

తిరుగు ప్రయాణంలో లాంచీ బెంచీ మీదే మొదలుపెట్టారు. గుడి అరుగు మధ్యలో గీసి, వేసవిలో లెక్కపెట్టిన అడుగులనే కొలతగా పెట్టుకొని, బజారుకు ఇరువైపులా ఇళ్లు ఒక్కొక్కటే నింపుతున్నారు. దీపావళి వెళ్లేసరికి ఆ పెద్ద కాగితం మీద నలభై ఒక్క ఇళ్లు, రెండు బావులు, ఒక బడి, కళ్లాలు, నదికి దిగే రేవు చేరాయి. రేవు దారిలో ఉన్న వేపచెట్టు చాకలి వారి ఇంటికి ముందా వెనుకా అన్న దగ్గర అమ్మకు సందేహం తీరలేదు. నందికొట్కూరులో ఉన్న మా పెద్దమ్మకు ఫోను చేస్తే, ఆమె వెనుక అంది, అమ్మ ముందు అంది. నీరు మళ్లీ తగ్గాక ఇద్దరినీ తీసుకువెళ్లాలి. అందాకా ఆ చెట్టును పెన్సిలుతోనే గీసి ఉంచాము.