నాలుగు పౌండ్ల జీతం, పద్నాలుగు వందల వెల

గురువారం, రాత్రి పదిన్నర.

ఈ నెల జీతాల లెక్క ఒక కొలిక్కి వచ్చేసరికి సాయంత్రం ఆరు దాటింది. లీడ్స్‌లో ఈ ఉద్యోగానికి చేరి తొమ్మిదేళ్ళయినా, నెలాఖరున వచ్చే మూడు రోజులు నాకు ఇప్పటికీ పరీక్షల రోజుల్లాగే గడుస్తాయి. ఒకరికి ఓవర్‌టైము తక్కువ పడుతుంది, ఇంకొకరి పన్ను కోడ్ చెప్పాపెట్టకుండా మారిపోతుంది, తప్పు ఎవరిదైనా ఫోను మాత్రం నాకే వస్తుంది. ఆఫీసు నుంచి స్టేషనుకు నడిచే దారిలో కింగ్ స్ట్రీట్ మీద మెట్రోపోల్ హోటల్ ఉంది. ఎర్రటి ఇటుకలు, టెర్రకోట నగిషీలు ఉన్న ఆ భవనం ముందు నుంచి రోజూ వెళ్తూనే ఉంటాను. ఈ రోజు జల్లు మొదలవడంతో గొడుగు తీయడానికి దాని గుమ్మం దగ్గర రెండు నిమిషాలు ఆగాను. 1919 అక్టోబరులో ఈ హోటల్లోనే లీడ్స్ సిటీ అనే ఫుట్‌బాల్ క్లబ్బు ఆటగాళ్ళను ఒకరి తరువాత ఒకరిని వేలం వేశారు. అందరికంటే ఎక్కువగా బిల్లీ మెక్లౌడ్‌కు 1,250 పౌండ్లు పలికాయి. ఆ వేలంలో లేని మరొక ఆటగాడి గురించే రైలు దిగేదాకా ఆలోచిస్తూ వచ్చాను.

అతని పేరు జిమ్మీ స్పియర్స్. 1886 మార్చిలో గ్లాస్గోలోని గొవాన్‌హిల్‌లో పుట్టాడు. రేంజర్స్‌కు మూడేళ్ళు, క్లైడ్‌కు ఒక ఏడాది ఆడి, 1909లో మేము ఉంటున్న ఈ బ్రాడ్‌ఫర్డ్ ఊరి క్లబ్బుకు వచ్చాడు. స్కాట్లాండ్ జట్టు తరఫున అతను ఆడింది 1908లో వేల్స్ మీద ఒకే ఒక్క మ్యాచ్. ఇంగ్లాండ్ క్లబ్బులు ఆ రోజుల్లో స్కాట్లాండ్ ఆటగాళ్ళ కోసం ఎంతగా ఎగబడేవంటే, 1911 ఎఫ్‌ఏ కప్పు (ఇంగ్లాండ్ క్లబ్బులన్నీ పోటీపడే కప్పు) ఫైనల్లో బ్రాడ్‌ఫర్డ్ సిటీ తరఫున దిగిన పదకొండు మందిలో ఎనిమిది మంది అక్కడి వాళ్ళే. మా రైలు ఫోర్‌స్టర్ స్క్వేర్‌లో ఆగుతుంది. అక్కడి నుంచి మ్యానింగ్‌హామ్ వైపు కాస్త ఎగువకు నడిస్తే ఆ క్లబ్బు ఆడే వ్యాలీ పరేడ్ మైదానం వస్తుంది. శనివారాల్లో ముదురు ఎరుపు, బంగారు పసుపు చారల మఫ్లర్లు కట్టుకుని ఆ ఎత్తు ఎక్కేవాళ్ళను చూసినప్పుడు, అదే రంగుల చొక్కాలో ఈ మనిషి ఆడాడు కదా అనుకుంటాను.

ఆ ఫైనల్ కథ ఈ ఊళ్ళో ఫుట్‌బాల్ పట్టించుకునే ఎవరినడిగినా చెబుతారు. 1911 ఏప్రిల్ 22న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో న్యూకాజిల్ యునైటెడ్‌తో ఆడిన మ్యాచ్ ఒక్క గోలూ లేకుండా ముగిసింది. నాలుగు రోజుల తరువాత మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మళ్ళీ ఆడించారు. పదిహేనో నిమిషంలో కెప్టెన్ స్పియర్స్ తలతో కొట్టిన బంతి గోల్‌లో పడింది, ఆ ఒక్క గోలుతోనే కప్పు వచ్చింది. అప్పటి బంతి తోలు ముక్కలు కలిపి కుట్టినది, దాని మూతి తోలు తాడుతో బిగించి ఉండేది. తడిస్తే నీళ్ళు పీల్చి బరువెక్కేది, ఆ తాడు ముడి నుదుటికి తగిలితే చర్మం చిట్లేది. అందుకే తలతో కొట్టిన గోలు అనగానే నాకు ముందు ఆ నుదురే గుర్తుకొస్తుంది. మరో విచిత్రం ఏమిటంటే, పాత కప్పు స్థానంలో ఆ ఏడాదే కొత్త కప్పు చేయించారు. చేసింది బ్రాడ్‌ఫర్డ్‌లోని ఫట్టోరిని కంపెనీ. ఊళ్ళో తయారైన కప్పును మొట్టమొదట గెలిచింది ఆ ఊరి జట్టే. ఆ తరువాత ఈ క్లబ్బు ఆ కప్పు మళ్ళీ గెలవలేదు.

నా ధ్యాస మాత్రం వృత్తిరీత్యా వేరే చోటికి పోతుంది. 1901 నుంచి ఇంగ్లాండ్ లీగులో ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి నాలుగు పౌండ్లకు మించి జీతం ఇవ్వకూడదన్న నియమం ఉండేది. 1910లో దాన్ని కొంచెం సడలించి, ఏళ్ళ తరబడి ఒకే క్లబ్బులో ఉన్నవాళ్ళకు అయిదు పౌండ్ల దాకా పెంచుకోవచ్చన్నారు. నైపుణ్యమున్న పనివాడి కూలితో పోలిస్తే అది దాదాపు రెట్టింపు, కాబట్టి పేదవాడి జీతమని అనలేము. అయితే ఒప్పందం గడువు తీరినా సరే, క్లబ్బు వదిలితే తప్ప ఆటగాడు మరొక చోట ఆడలేడు. 1912 డిసెంబరులో లీడ్స్ సిటీ మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్ 1,400 పౌండ్లు చెల్లించి స్పియర్స్‌ను కొన్నాడు. ఆ సొమ్ము ఒక క్లబ్బు పెట్టె నుంచి మరొక క్లబ్బు పెట్టెకు వెళ్ళింది. మొదటి డివిజన్ క్లబ్బుకు కప్పు గెలిపించిన కెప్టెన్ అలా రెండో డివిజన్ క్లబ్బుకు మారాడు. నేను ఉద్యోగం మారినప్పుడు కూడా రెండు కంపెనీల మధ్య కాగితాలు నడిచాయి కానీ, నా మీద ఎవరూ వెల కట్టలేదు.

1915 వేసవి నుంచి మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేదాకా ఆటగాళ్ళకు జీతాలివ్వకూడదని ఫుట్‌బాల్ సంఘం నిర్ణయించింది. స్పియర్స్ ఆ ఏడాది మే నెలలోనే కామెరాన్ హైలాండర్స్ రెజిమెంటులో చేరాడు. నిర్బంధ సైనిక సేవ చట్టం రావడానికి అప్పటికి ఇంకా ఎనిమిది నెలలుంది. పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నవాడు, తనంతట తానుగా వెళ్ళాడు. సాధారణ సిపాయికి రోజుకు ఒక షిల్లింగు, అంటే వారానికి ఏడు. నాలుగు పౌండ్లంటే ఎనభై షిల్లింగులు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన వేస్తే నాకు ఇప్పటికీ చేయి ఆగుతుంది. 1917లో అతనికి మిలిటరీ మెడల్ వచ్చింది, సార్జెంటు అయ్యాడు. అదే సంవత్సరం ఆగస్టు 20న బెల్జియంలోని ఈప్ర దగ్గరి పోరులో 31 ఏళ్ళ వయసులో చనిపోయాడు. అక్కడి డోచీ ఫార్మ్ శ్మశానంలో అతని సమాధి ఉంది. అతనితో పాటు బ్రాడ్‌ఫర్డ్‌లోనూ లీడ్స్‌లోనూ ఆడిన ఎవెలిన్ లింటాట్ అంతకు ముందే, 1916 జూలై 1న సోమ్ యుద్ధం మొదటి రోజున పోయాడు. కప్పు ఫైనల్లో స్పియర్స్ పక్కన నిలబడిన రాబర్ట్ టారెన్స్ 1918లో పోయాడు.

ఇక ఆ హోటల్లో వేలం ఎందుకు జరిగిందన్నది. యుద్ధకాలంలో లీడ్స్ సిటీ కొందరు ఆటగాళ్ళకు రహస్యంగా డబ్బు చెల్లించిందని ఫిర్యాదు వచ్చింది. లెక్కల పుస్తకాలు చూపించమంటే క్లబ్బు చూపించలేదు, దాంతో లీగు నుంచి వెళ్ళగొట్టారు. డబ్బు ఇవ్వడం కంటే పుస్తకం దాచడమే నాకు పెద్ద తప్పుగా కనిపిస్తుంది. జీతాల పట్టిక రాసేవాడి పక్షపాతమని ఎవరైనా అంటే కాదనను. స్పియర్స్ షిల్లింగు లెక్కన బురదలో ఉన్న రోజుల్లో అతని క్లబ్బు జీతాల పుస్తకంలో ఏముందో ఆ విచారణలో కూడా బయటపడలేదు.

భోజనాల తరువాత వంటింటి బల్ల మీద కాగితం పెట్టుకుని కూడికలు చేస్తుంటే మా ఆవిడ, "ఆఫీసు లెక్కలు ఇంటికి కూడా తెచ్చారా?" అని అడిగింది. ఇవి నూరేళ్ళ కిందటి జీతాలని చెబితే నవ్వి, పాలు తోడుపెట్టడానికి వెళ్ళింది. ఆ 1,400 పౌండ్లను వారానికి నాలుగు చొప్పున పంచితే 350 వారాలు వస్తాయి. 1912 క్రిస్మస్ నుంచి లెక్కపెడితే 1919 సెప్టెంబరు రెండో వారం దాకా సరిపోతుంది. 243వ వారంలో అతను చనిపోయాడు. తక్కిన 107 వారాలు కూడా పూర్తయిన తరువాతి నెలలోనే క్లబ్బు లేకుండా పోయింది. అతని కప్పు పతకం 2003లో వేలానికి వచ్చి 26,000 పౌండ్లకు పైగా పలికింది. అది ఎన్ని వారాల జీతమో లెక్క వేయబోయి, పెన్సిలు మొన విరిగితే వదిలేశాను.

రేపు ఉదయం ఎనిమిదిన్నరకల్లా బ్యాంకుకు జీతాల ఫైలు పంపాలి. ఆ ఓవర్‌టైము తప్పు ఇంకా సరిచేయలేదు.