‘ఉద్దానమా? అయితే మామూలే’

“ఉద్దానమా? అయితే మామూలే” అన్నారు ఆ రాత్రి డ్యూటీ డాక్టరు. నా మొహం కూడా చూడలేదు. అది విశాఖలో ఒక ప్రైవేటు ఆస్పత్రి. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 9.2కి చేరింది, మామూలుగా ఒకటి దగ్గర ఉండాలి. పడుకుంటే ఊపిరాడటం లేదు. నా భార్య నన్ను గుండెకి ఆనించుకుని తెల్లవార్లూ కూర్చుంది. “ఏటీ అవదు, అరసవల్లి సామి ఉన్నాడు” అంటూనే ఉంది. ఆమె చేతుల వణుకు నా భుజాలకి తెలుస్తోంది.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి వైపు. కారణం తెలియని కిడ్నీ జబ్బు ఎంతోమందికి వస్తున్న ప్రాంతం. కొబ్బరి, జీడి తోటలు. మా అన్నయ్య ఈ జబ్బుతోనే పోయాడు. అందుకే ఆ మాట అంతగా గుచ్చుకుంది. మామూలైతే చూడక్కర్లేదా? ఇంతమందికి వస్తోందంటే ఇంకా జాగ్రత్తగా చూడాలి కదా!

పొద్దున వచ్చిన చిన్న డాక్టరమ్మ మాత్రం “ఈమధ్య ఏం మాత్రలు వాడారు?” అని అడిగింది. నా భార్య సంచిలోంచి స్ట్రిప్పులు తీసి మంచం మీద పరిచింది. నడుం నొప్పికని మా ఊరి ఆర్‌ఎంపీ వేసవంతా ఇచ్చిన డైక్లోఫెనాక్, కిడ్నీలని దెబ్బతీసే నొప్పి మాత్ర. దానికితోడు వాంతులు, విరేచనాలు. మూత్రం ఆగిపోయాక కూడా సెలైన్లు ఎక్కిస్తూ పోయాడు, ఆ నీరంతా ఊపిరితిత్తుల్లో చేరింది. “పాత జబ్బు మీద కొత్త దెబ్బ ఇది. ఈ దెబ్బ నుంచి తేరుకోవచ్చు” అందామె. ఆ తల్లి చల్లగా ఉండాలి.

మెడలో పైపు వేసి డయాలసిస్ చేశారు. మూత్రం కొలిచే ప్లాస్టిక్ జగ్గు ఒక్కటే బాగా గుర్తు. మొదట్లో దాని అడుగు కూడా తడిసేది కాదు. ఒకరోజు 200 గీత దాటింది. సిస్టర్ వరండాలోంచి నా భార్యని కేకేసి మరీ చూపించింది. ఇప్పుడు క్రియాటినిన్ 1.9 దగ్గర నిలబడింది. డయాలసిస్ లేదు. అరసవల్లి మొక్కు తీర్చుకున్నాం.

మావాళ్లకి చెప్పేదొకటే. మన ప్రాంతపు జబ్బులో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోదు. మూత్ర పరీక్ష బాగుందని ఊరుకోకండి, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోండి. ఆ క్రియాటినిన్‌ని బట్టి కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ మూడు నెలలకు పైగా 60 లోపే ఉంటే కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. నొప్పి మాత్రలు ఎవరిచ్చినా మింగకండి.

శ్రీలంక వరి రైతులకీ, నికరాగువా చెరకు కూలీలకీ ఇలాంటి జబ్బే ఉంది. ఎండలో చాకిరీ, నీళ్లు, పురుగుమందులు, వంశం అంటూ అన్నిటినీ అనుమానిస్తున్నారు, ఏదీ ఖాయం కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, 200 పడకల ఆస్పత్రి ప్రారంభించారు. సంతోషం. పరిశోధనకి నా రక్తం ఎన్నిసార్లు అడిగినా ఇస్తాను. కారణం మాత్రం తేల్చి చెప్పాలి. మా అన్నయ్య కొడుకు ఈ ఏడాదే తోట పనిలోకి దిగాడు.