ఆన్‌లైన్ గోల్ఫ్‌లో అప్రోచ్ షాట్ దూరం: నేను పట్టుకున్న లెక్క

ఆన్‌లైన్ గోల్ఫ్‌లో డ్రైవ్‌తో, అంటే మొదటి దెబ్బతో పెద్ద పేచీ ఉండదు, ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన దారి) వెడల్పుగా ఉంటుంది, దెబ్బ బలం చూపే మీటర్ కాస్త అటూ ఇటూ అయినా బంతి ఎక్కడో చోట పడుతుంది. ప్రాణం తీసేది రెండో షాటే, అంటే జెండా పాతి ఉండే నున్నటి గడ్డి (గ్రీన్) మీదికి కొట్టే అప్రోచ్ షాట్. స్క్రీన్ మీద 142 గజాలు అని ఉంటుంది, మనం లెక్కగా 142 కొడతాం, బంతి గ్రీన్ దాటి వెనక బంకర్లో (ఇసుక గుంతలో) కూర్చుంటుంది. గేమ్ తప్పు చెప్పిందని కాదు, అది చెప్పేది జెండా ఎంత దూరమో అంతవరకే, కొట్టాల్సిన దూరం మనమే తేల్చుకోవాలి.

మా బావమరిది డల్లాస్‌లో ఉంటాడు, నిజం కోర్సులోనే ఆడతాడు. "బావా, ముందు జెండా సంగతి వదిలెయ్, బంతి ఎక్కడ దిగాలో ఆ చోటు చూస్కో" అన్నాడు. సరేనని ప్రాక్టీస్‌లో గాలి లేనప్పుడు ఒక్కో క్లబ్‌తో (బంతిని కొట్టే కర్రతో) ఫుల్‌గా కొట్టి, గాల్లో ఎంత వెళ్లింది, దిగాక ఎంత దొర్లింది, రెండూ విడిగా రాసుకున్నాను. బోరు పనే, కానీ మిగతా లెక్కంతా ఆ కాగితం మీదే నిలబడింది.

ఎత్తుపల్లాలు తేలిక: మూడు అడుగులకు ఒక గజం. గ్రీన్ పైన ఉంటే కలపాలి, కింద ఉంటే తీసెయ్యాలి. గాలి దగ్గరే తిప్పలు. నేరుగా పక్క నుంచి వీచేది దూరాన్ని పెద్దగా మార్చదు, బంతిని పక్కకు తోస్తుంది. ఎదురు నుంచి ఏటవాలుగా 45 డిగ్రీల్లో వీస్తే దాని వేగంలో 70 శాతమే ఎదురుగాలి కింద లెక్క. ఇంకోటి, ఎదురుగాలి తినేసినంత దూరాన్ని వెనకగాలి తిరిగి ఇవ్వదు, నేనైతే సగమే వేసుకుంటాను.

కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ గోల్ఫ్ కోర్సులో 8వ హోల్ సంగతి చెప్తా. సముద్రం పక్కన లోయ మీదుగా కొట్టే ఆ రెండో షాట్ అంటే గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్‌కి మహా ఇష్టం. ఆయనకేం, ఎన్నయినా చెప్తాడు, అక్కడ గ్రీన్‌లు అరచేతంత ఉంటాయి! మొన్న గేమ్‌లో అక్కడ నాకు జెండా 178 గజాలు, గ్రీన్ 24 అడుగులు కింద, అంటే 8 తీస్తే 170. ఎదురుగా ఏటవాలు గాలి గంటకు 10 మైళ్లు, అందులో 70 శాతం అంటే 7 మైళ్లు, నా క్లబ్‌కి మైలుకో గజం చొప్పున 7 కలిపితే 177, దొర్లేది 6 తీస్తే 171. నా 5 ఐరన్ క్లబ్‌తో ఫుల్‌గా కొడితే గాల్లో 175 వెళ్తుంది, కాబట్టి మీటర్ 98 శాతం దగ్గర ఆపాను. పక్కనే 7వ హోల్ 110 గజాలు కూడా ఉండదు, కానీ 1992 యూఎస్ ఓపెన్ ఆఖరి రోజు గాలికి టామ్ కైట్ అక్కడ మామూలుగా అంతకంటే చాలా దూరం కొట్టే 6 ఐరన్ తీశాడు. గాలిని తేలిగ్గా తీసుకోవద్దని చెప్పడానికి నేను వాడే ఉదాహరణ ఇదే.

రఫ్‌లో (పొడుగు గడ్డిలో) పడితే లెక్క ఇంకోలా ఉంటుంది. దూరం 20-30 శాతం తగ్గుతుందని గేమ్ చూపిస్తే మధ్యలో 25 పట్టుకుంటాను. 120 గజాలు వెళ్లాలంటే చాలామంది అందులో పావు, అంటే 30 కలిపి 150 కొడతారు. చాలదు. 150లో పావు పోతే మిగిలేది 112 చిల్లరే. 120ని 0.75తో భాగించాలి, 160 వస్తుంది. ఆ తేడా బంతిని తీసుకెళ్లి గ్రీన్ ముందున్న బంకర్లో పడేస్తుంది.

ఇదంతా వేసేలోపు టైమర్ ఎర్రబడిపోతుంది, టెన్షన్ మొదలు. అందుకే ఎదుటివాడు కొడుతున్నప్పుడే ఎత్తు, దొర్లుడు తేల్చి పెట్టుకుంటాను. గాలి షాట్ షాట్‌కీ మారుతుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నా వంతు వచ్చాక చూస్తాను.