కర్ణాటక సంగీతం చదివి ఐరిష్ ఫిడేలు నేర్చుకున్నాను: నా అనుభవం

విజయనగరంలో కూర్చుని ఐరిష్ సంప్రదాయ సంగీతం నేర్చుకున్నానంటే అందరూ ముందు ఎందుకు అని అడుగుతారు, ఆ తర్వాత ఎలా అని. నాకు రెండో ప్రశ్నకే ఎక్కువ చెప్పాలని ఉంది. మన వైపు వయొలిన్ వాయించేవాళ్ళు ఇంకెవరైనా ఇటు రావాలనుకుంటే నేను తడుముకున్న చోట్ల వాళ్ళు తడుముకోనక్కర్లేదు.

ఎందుకు అన్నదానికి చిన్న జవాబు. నేను ఇక్కడి సంగీత కళాశాలలో వయొలిన్ డిప్లొమా చేశాను, ఇప్పుడు ఇంట్లో పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన కాలేజీ అది, ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడే ఆచార్యులుగా చేరి 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. అలాంటి ఊళ్ళో వయొలిన్ బయటినుంచి వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు గానీ, ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో యూరోపియన్ల పద్ధతిలో దాన్ని నేర్చుకున్నాకే కదా అది మన కచేరీల్లోకి వచ్చింది! ముత్తుస్వామి దీక్షితులే తెల్లవాళ్ళ బ్యాండు మెట్లు విని వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు, నోట్టుస్వరాలని మనం పిల్లలకి నేర్పేవి అవే. అదే వాయిద్యం ఇంకో దేశంలో, ఇంకో చేతిలో ఏం మాట్లాడుతుందో తెలుసుకోవాలనిపించింది. ఒకరోజు మైకేల్ కోల్‌మన్ పాత రికార్డింగ్ ఒకటి విన్నాను. ఐర్లాండ్‌లోని స్లైగో ప్రాంతం నుంచి అమెరికా వెళ్ళి 1920లలో న్యూయార్క్‌లో రికార్డులిచ్చిన ఫిడేలు వాద్యకారుడు ఆయన. గరగరలాడే ఆ శబ్దం వెనక కమాను నడిచిన తీరు విన్నాక ఇక ఊరుకోలేకపోయాను.

మా మాస్టారికి చెప్పడానికి చాలా టెన్షన్ పడ్డాను. ఆయన కోప్పడలేదు. "పాఠం ఎవరి దగ్గరమ్మా?" అని మాత్రం అడిగారు. అప్పటికి నా దగ్గరున్నది ఓనీల్ సంకలనం ఒకటే. షికాగో పోలీసు అధిపతిగా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనీల్, ఐర్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్ళ దగ్గర విని పోగుచేయించి 1903లో 1850 మెట్లు అచ్చువేశాడు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అదే చెప్పాను. "పుస్తకం చూసి కీర్తన నేర్చుకున్నవాడిని నువ్వు కచేరీలో కూర్చోబెడతావా? హిగ్గిన్స్ అమెరికా నుంచి వచ్చి అంత బాగా పాడాడంటే వేణువు విద్వాంసుడు విశ్వనాథన్ గారి దగ్గర పద్ధతిగా నేర్చుకున్నాడు కాబట్టి. నువ్వూ గురువుని వెతుక్కో" అన్నారు. జాన్ హిగ్గిన్స్‌ని మనవాళ్ళు హిగ్గిన్స్ భాగవతార్ అని నెత్తిన పెట్టుకున్నారంటే ఆ శ్రద్ధ చూసే కదా. ఆ మాటతో పుస్తకం మూసేసి గురువు కోసం వెతకడం మొదలుపెట్టాను.

ఐర్లాండ్‌లోని క్లేర్ కౌంటీలో ఆన్‌లైన్‌లో పాఠం చెప్పే ఒక టీచరు దొరికారు. పేరు పెట్టి పిలవమన్నారు కానీ నాకు నోరు రాలేదు, మేడమ్ అనే అంటాను. ఫీజు బయటి దేశానికి పంపడానికి బ్యాంకు చుట్టూ కొంచెం తిరగాల్సొచ్చింది, అదేం పెద్ద సంగతి కాదు. టైమ్ మాత్రం చూసుకోవాలి. వాళ్ళు మార్చి చివర్లో గడియారం ముందుకి తిప్పి అక్టోబరు చివర్లో వెనక్కి తిప్పుతారు, అందుకని మనకీ వాళ్ళకీ తేడా వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర. వాళ్ళ సాయంత్రం ఐదు గంటల పాఠం మనకి చలికాలంలో రాత్రి పదిన్నరకి మొదలయ్యేది. కింద వాటాలో చిన్నపిల్లలున్నారు కాబట్టి తీగల్ని మోసే గుర్రానికి శబ్దం తగ్గించే రబ్బరు మ్యూట్ తగిలించి వాయించేదాన్ని. వీడియోలో శబ్దం ఆలస్యంగా చేరుతుంది, ఇద్దరం కలిసి వాయించడం కుదరదు. ఆవిడ ఒక ముక్క వాయిస్తారు, నేను తిరిగి వాయిస్తాను, తప్పుంటే మళ్ళీ అదే ముక్క. కాగితం ముట్టుకోనివ్వలేదు. మన గురుముఖ పాఠం ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది, అందుకే అక్కడ నాకు కొత్త అనిపించలేదు.

కొత్తగా అనిపించింది శ్రుతి చేసుకోవడం. మనకి తీగలు స-ప-స-ప. వాళ్ళకి నాలుగు తీగలూ వరుసగా పంచమం దూరంలో ఉంటాయి, పైగా మనకంటే బిగువుగా. మామూలు వయొలిన్‌నే రోజూ అటూ ఇటూ తిప్పితే తీగలు తెగుతాయి, శ్రుతి నిలవదు. పాత వయొలిన్ ఒకటి బాగుచేయించి దీనికోసం విడిగా పెట్టేశాను, వీలున్నవాళ్ళు అలా చేయండి. మఠం వేసుకుని, తలభాగం కాలి మడమ దగ్గర ఆనించి వాయించినా ఫర్వాలేదన్నారు మేడమ్. నేనే కుర్చీలోకి మారాను, గడ్డం కింద పెట్టుకుంటే కమాను బరువు తీగ మీద పడే తీరు వేరుగా ఉంది కాబట్టి.

అసలు కష్టం ఎడమచేతిది అనుకున్నాను. వాళ్ళ మెట్లు ఎక్కువగా శంకరాభరణం, హరికాంభోజి, ఖరహరప్రియ రాగాల స్వరాల్లోనే నడుస్తాయి, ఆ స్వరాలు మనకి నిద్రలో కూడా వస్తాయి. కానీ ఖరహరప్రియ స్వరాలు వినగానే నా వేలు గాంధారం మీద దానంతటదే ఊగిపోయేది. అక్కడ ఊగకూడదు, జారకూడదు. వాళ్ళ అలంకారం వేరు. రోల్ అని ఒకటుంది, రిషభం మీద అయితే రి-గ-రి-స-రి అని అయిదు, కాగితం మీద చూస్తే మనకి తేలికే. నిజానికి ఆ గ, ఆ స స్వరాలుగా వినపడకూడదు. వేలు తీగని అలా తాకి ఇలా లేవాలి, టక్కుమని చిన్న దెబ్బలాగా మాత్రమే వినపడాలి. ప్రతి స్వరానికీ దాని నిండుతనం ఇవ్వాలని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న వేలికి స్వరాన్ని వినపడనివ్వకుండా వాయించడం నేర్పడానికి నెలలు పట్టింది. ఇంకో సంగతి నాకు ఎంతో నచ్చింది: పాత ఫిడేలు వాళ్ళు కొన్ని మెట్లలో నిషాదాన్ని మన రెండు నిషాదాలకి, అంటే కైశికికీ కాకలికీ, మధ్యలో ఎక్కడో పెడతారు. పియానో మీద ఆ స్వరం దొరకదు. మన చెవికి మాత్రం వెంటనే దొరుకుతుంది, మేడమ్ కూడా సంతోషించారు.

తీరా చూస్తే కష్టమంతా కుడిచేతిలో ఉంది. జిగ్ అనే నాట్యపు మెట్టు ఆరు ఎనిమిదుల (6/8) లెక్క, నేను తకిట తకిట అని మూడేసి అక్షరాల తిస్రంలో వేసుకున్నాను. లెక్క సరిగ్గానే ఉంది, వింటే మాత్రం చచ్చినట్టుంది. మేడమ్ చెప్పిందేమంటే మూడూ సమానం కాదు, మొదటిది కాస్త నిలవాలి, రెండోది చటుక్కున పోవాలి, మూడోది తర్వాతిదాన్ని ఎత్తుకోవాలి. ఎంత నిలవాలి అంటే అంకెల్లో చెప్పలేరు, ఊరిని బట్టి, మనిషిని బట్టి మారుతుంది. రీల్ అనే ఇంకో రకం నాట్యపు మెట్టులో ఇంకో చిక్కు. మనం సాహిత్యాన్ని బట్టి పొడుగు కమానులో ఎన్నో స్వరాలు లాగుతాం, అక్కడ దెబ్బ పడక ముందే కమాను దిశ మారి, ఆ చివరి స్వరాన్నీ దెబ్బ మీది స్వరాన్నీ కలిపి లాగాలి. ఆ ఎత్తు రాకపోతే స్వరాలన్నీ ఉన్నా అది రీల్ కాదు.

ఎంతకీ రాకపోతే ఫిడేలు పక్కన పెట్టి నాట్యం చేసేవాళ్ళ కాళ్ళు చూడమన్నారు, ఈ మెట్లు పుట్టింది వాళ్ళ కోసమే కాబట్టి. వీడియోలు చూస్తూ ఇంట్లోనే అడుగులు వేశాను. అప్పుడు నాకు మన తప్పెటగుళ్ళు గుర్తొచ్చాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో యాదవులు గుండె మీద తప్పెట కట్టుకుని గజ్జెకాళ్ళతో ఎగురుతూ వాయిస్తారు కదా, ఆ కాలు నేల వదిలిన క్షణానికీ దెబ్బకీ ఉన్న సంబంధం తెలిసినవాళ్ళకి జిగ్ ఎలా నడవాలో సగం తెలిసినట్టే. నేను చిన్నప్పుడు చూసింది ఇన్నేళ్ళకి ఇలా పనికొచ్చింది. ఆ తర్వాతే కమాను కదిలింది.

ఇక చేతికొచ్చాక కల్పనస్వరం, అంటే అప్పటికప్పుడు అల్లే స్వరాలు, వేసేయాలని మనకి ఎంత దురదగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. మెట్టులో రెండు భాగాలు, ఒక్కోటి రెండుసార్లు, మొత్తం ఒక మూడు ఆవృత్తులు వాయించి ఇంకో మెట్టులోకి వెళ్ళిపోవడం, అంతే. మార్పులు ఉంటాయి గానీ తెలిసినవాళ్ళకే తెలిసేంత చిన్నవి. ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. రెండు సంగీతాల్ని కలిపి ఫ్యూజన్ చేయడం తప్పని నేను అనను, కానీ ఒక పక్క నిండా తెలిసి రెండో పక్క నాలుగు ముక్కలు తెలిసినవాళ్ళు చేసే ఫ్యూజన్‌లో ఆ రెండో సంగీతం వెనకాల గోడ బొమ్మలా మిగిలిపోతుంది. మన కీర్తనని ఎవరైనా అలా వాడుకుంటే మనకి ఎలా ఉంటుంది? అందుకే మేడమ్ చాలు అనేదాకా సొంత కలిపింపులు చేయకూడదని పెట్టుకున్నాను, ఇప్పటికీ అలాగే ఉన్నాను.

వాళ్ళు నలుగురూ చేరి కలిసి వాయించుకునే సెషన్ మర్యాదలు కూడా పాఠంలో భాగమే. రానిది వాయించకుండా వినాలి, మెట్టు ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెప్పాలి, అందరికంటే గట్టిగా వాయించకూడదు. మొన్న ఊళ్ళోనే ఒకరింట్లో చిన్న సభ పెట్టుకున్నప్పుడు రెండు జిగ్‌లు, ఒక రీల్ వాయించాను. ఏ ప్రాంతానివో, నాకు ఎవరు నేర్పారో ముందే చెప్పాను. మాస్టారు వచ్చారు, తాళం వేయబోయి ఆగి, కాలితో వేశారు.

పిల్లలు కొందరు మాకూ నేర్పమంటున్నారు. నేను నేర్పడం లేదు, మేడమ్ దగ్గరికే పంపిస్తున్నాను. క్లేర్‌లోని మిల్‌టౌన్ మాల్‌బేలో విలీ క్లాన్సీ అనే పైపు వాద్యకారుడి పేరు మీద 1973లో మొదలైన వేసవి బడి ఏటా జులైలో జరుగుతుంది, పగలు పాఠాలు, రాత్రి ఊరంతా సెషన్లు. అక్కడికి రమ్మంటున్నారు. పాస్‌పోర్టు వచ్చింది, వీసాకి కాగితాలు సర్దుతున్నాను. వయొలిన్‌తో విమానం ఎక్కిన అనుభవం ఉన్నవాళ్ళు, క్యాబిన్‌లోకి పెట్టెతో సహా రానిచ్చారా, తీగలు వదులు చేసి తీసుకెళ్ళారా, కింద రాయండి.