రేపు తీసేయాల్సిన లైను

నిన్న రాత్రి పదకొండు దాటాక తెలిసింది, మా నలభై సర్వర్లలో మూడింటి గడియారాలు తప్పు నడుస్తున్నాయని. సర్వర్లు రాసుకునే చిట్టాల్లో, అంటే లాగ్‌లలో, జవాబు ముందు, ప్రశ్న తర్వాత కనిపిస్తుంటే గంటసేపు నా కళ్లనే అనుమానించాను.

ఇంతకాలం మా పద్ధతి ఒక్కో సర్వర్‌లోకి వెళ్లడం, గడియారాన్ని సరిచేసే ప్రోగ్రామ్ క్రోనీ సెట్టింగుల ఫైలును చేత్తో దిద్దడం, బయటికి రావడం. ముప్ఫయ్యో సర్వర్‌కు వచ్చేసరికి ఎవరికైనా చెయ్యి జారుతుంది. మార్క్ బర్గెస్ ఈ బాధ పడలేక, కంప్యూటర్ల సెట్టింగులను తనంతట తానే సరిదిద్దే సీఎఫ్‌ఇంజిన్ అనే సాఫ్ట్‌వేర్ రాసింది 1993లో. నాకు ఇప్పటికి బుద్ధి వచ్చింది.

ఫైలును ఒకే టెంప్లేట్‌గా రాసి, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టి, సర్వర్లన్నిటినీ ఒకే చోటి నుంచి దిద్దే అన్సిబుల్‌కు అప్పగించాను. ముందు చెక్, డిఫ్ ఆప్షన్లతో ఉత్తుత్తి పరుగు. ఏదీ మారదు, మారబోయేది మాత్రం చూపిస్తుంది. విడిగా చెప్పకపోతే ఒక విడతకు ఐదు సర్వర్లనే పట్టుకుంటుంది కాబట్టి వరుసలు తీరిగ్గా దిగుతున్నాయి. ఒకచోట ఎర్రరంగులో, తొలగిపోబోయే లైను పక్కన ఒక వ్యాఖ్య: "తాత్కాలికం, రేపు తీసేయాలి". చివర రెండేళ్ల కిందటి తేదీ, నా పొడి అక్షరాలు. అప్పటిదాకా 'ఎవడో చేసిన నిర్వాకం' అని లోలోపల తిట్టుకుంటున్నది నన్నేనన్నమాట!

తర్వాత అసలు పరుగు. ఫైలు మారిన మూడు చోట్లే క్రోనీ మళ్లీ మొదలైంది. రెండోసారి నడిపితే అన్ని వరుసల్లోనూ మార్పులు సున్నా. పని లేకపోయినా, ఆ సున్నాలు చూసుకోవడానికే మూడోసారి కూడా నడిపాను.