ఎనిమిది నిమిషాల పరుగు, రెండేళ్ల నిరీక్షణ

బెంగళూరులోని కె.ఆర్.పురంలో మా ఇంటి తలుపు తెల్లవారుజామున అయిదింటికి చప్పుడైందంటే, మా తమ్ముడు పరుగుకు బయలుదేరాడని అర్థం. హిందూపురం దగ్గరి పల్లెలో ఇంటర్ ముగించి, ఇక్కడొక గోదాములో రాత్రి షిఫ్టు చేస్తూనే, ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ పోస్టు కోసం వాడు కష్టపడ్డాడు. 2022 నవంబరులో 6,100 పోస్టులకు ప్రకటన వెలువడింది, 2023 జనవరి 22న ప్రిలిమినరీ రాత పరీక్ష జరిగింది, దేహదారుఢ్య పరీక్షలు మాత్రం 2024 డిసెంబరు ఆఖరుకు గానీ మొదలుకాలేదు.

ఆ మధ్యకాలం గురించే నేను రాయదలచుకున్నాను, ఎందుకంటే ప్రిలిమ్స్ గట్టెక్కిన ఆనందంలో ఏడాది గడిచేసరికి వాడి నడుము చుట్టుకొలత పెరిగింది, పరుగు మానేశాడు, తీరా తేదీలు ప్రకటించాక ఒక్కసారిగా తారురోడ్డు మీద పరుగెత్తి కాలి ముందుభాగపు ఎముక నొప్పితో పది రోజులు మంచం పట్టాడు.

పురుషులు 1600 మీటర్లను 8 నిమిషాల్లో పూర్తిచేయాలి. నాలుగు వందల మీటర్ల ట్రాకుపై అది నాలుగు చుట్లు, చుట్టుకు రెండు నిమిషాలు. మా వాడు మొదటి చుట్టును నిమిషం నలభై సెకన్లలో ముగించి, మూడో చుట్టులో ఊపిరి అందక నడకలోకి దిగేవాడు. ఒక మాజీ సైనికుడు చూసి, మొదటి చుట్టును కావాలనే నెమ్మదిగా, నిమిషం యాభై అయిదు సెకన్లకు తగ్గకుండా పరుగెత్తమని చెప్పారు. వేగం పెంచడం కంటే వేగాన్ని అదుపులో పెట్టుకోవడమే వాడికి కష్టమైంది, నెల రోజులు పట్టింది. అసలు పరీక్షలో 7 నిమిషాల 38 సెకన్లకు చేరాడు.

ఈ పరుగుకంటే ముందు కొలతలుంటాయి. సాధారణంగా పురుషులకు ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఛాతీ 86.3 సెంటీమీటర్లు ఉండి, గాలి పీల్చినప్పుడు కనీసం 5 సెంటీమీటర్లు విస్తరించాలి. కోచింగుకు అప్పు చేసి డబ్బు కట్టే తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే: ముందు బిడ్డ ఎత్తును సరిగా కొలిపించండి. సాధన ఛాతీని కొంత పెంచగలదు గానీ ఎత్తును పెంచలేదు. బెంగళూరుకు వలస వచ్చిన మన కుటుంబాలు మరో విషయం కూడా గమనించాలి. నాలుగో తరగతి నుంచి పదో తరగతి వరకు పిల్లవాడు ఎక్కడ చదివాడన్నదాన్ని బట్టి స్థానికతను చూస్తారు కాబట్టి, ఆ స్టడీ సర్టిఫికెట్లను బడి నుంచి ముందే తెచ్చిపెట్టుకోవాలి.

తమ్ముడు కోరుకున్నది పోలీసు స్టేషన్లలో పనిచేసే సివిల్ విభాగం. ఆ విభాగానికి పరుగు, 100 మీటర్లు, లాంగ్‌జంప్ అర్హత కోసమే, వాటికి మార్కులుండవు. తుది ఎంపికను 200 మార్కుల రాత పరీక్ష నిర్ణయిస్తుంది. ప్రత్యేక పోలీసు దళమైన బెటాలియన్ పోస్టులకైతే దేహదారుఢ్యానికీ రాతకూ చెరి వంద మార్కులు. ఈ తేడాను మేము ఆలస్యంగా గ్రహించాం. ఆఖరు నెలల శక్తినంతా కాళ్లకే ధారపోశాడు, 2025 జూన్ 1న జరిగిన తుది పరీక్షలో అంకగణితం దగ్గర వెనుకబడి కొద్దిలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ రాత్రి నేనూ వాడూ అన్నం తినలేదు.

ఇప్పుడు వారానికి నాలుగు రోజులే పరుగెత్తుతున్నాడు. మిగిలిన మూడు తెల్లవారుజాములు లెక్కల పుస్తకానివి.